లెన్ తేనెటీగలకు చెప్పాల్సిన మాట

అప్పర్ కూమ్, హెరిఫర్డ్‌షైర్
8 మార్చి 1942, ఆదివారం

క్లెమ్,

నాలుగు రోజులుగా మంచు కరగడం లేదు. పొద్దున గొడ్ల తొట్టిలో నీళ్ళు గడ్డకట్టి ఉంటే గొడ్డలి వెనకవైపుతో పగలగొట్టాను. నిన్న ఒక్కరోజే పదకొండు గొర్రెలు ఈనాయి. రెండు పిల్లలు చచ్చాయి. ఒకదాన్ని పొయ్యి పక్కన బుట్టలో పెట్టి సీసాతో పాలు పడుతున్నాను. ఆల్వెన్ ఉండబట్టి సరిపోయింది. లెన్‌తో పెళ్ళి ఇంకా కాకపోయినా ఇంటి కోడలిలాగే చేస్తోంది. మూడు రోజులుగా బూట్లు విప్పలేదు ఆ పిల్ల.

గురువారం రెండు టెలిగ్రాములు వచ్చాయి. నీది ముందు విప్పాను. ఓడ మునిగింది, నువ్వు బతికి ఆసుపత్రిలో ఉన్నావు. రెండోది లెన్ గురించి. కనిపించడం లేదు అని ఉంది. చనిపోయాడని లేదు. నేను మూడుసార్లు చదివి, ఆల్వెన్ చేత కూడా చదివించాను. కనిపించడం లేదు, అంతే.

ఇప్పుడు సంగతంతా తేనెటీగల దగ్గర ఆగింది. మీ పెదనాన్న పోయినప్పుడు నీకు పదకొండేళ్ళు, గుర్తుండే ఉంటుంది. లెన్ ఇంటి తాళంచెవి పట్టుకెళ్ళి, ఒక్కో తేనెపెట్టె మీద మూడుసార్లు తట్టి, "మీ యజమాని పోయాడు, ఇక నుంచి మీరు నావి" అని చెప్పి నల్లగుడ్డ ముక్క కట్టాడు. యజమాని పోయిన కబురు తెలిసిన రోజే పొద్దుగూకే లోపల చెప్పాలి. చెప్పకపోతే అవి చావడమో, లేచిపోవడమో జరుగుతుంది. ఆ నాలుగు పెట్టెలూ ఇప్పుడు లెన్‌వి.

నిన్న పక్క పొలం మిసెస్ ప్యూ కంచె దగ్గరికి వచ్చింది.

"ఇంకా చెప్పలేదా హెస్టర్? టెలిగ్రాం వచ్చి రెండు రోజులైంది. ఈగలు కూడా పోతే ఏం చేస్తావ్?"

"కూడా ఏమిటి? నా కొడుకు పోయాడని నీకెవరు చెప్పారు?"

"నా మీద అరవకు. నీ మంచికే చెప్పాను."

బతికున్నవాడి చావు ఈగలకి చెబితే నా నోటితో నేనే వాణ్ణి చంపినట్టు. పోయినవాడి సంగతి చెప్పకుండా దాస్తే అదీ తప్పే. పాదిరిగారిని అడిగితే నవ్వి టీ ఇచ్చారు.

మీరిద్దరూ ఒకే ఓడలో, ఒకే బల్ల దగ్గర తిన్నారు. నువ్వు చూశావా, చూడలేదా? ఒక్క ముక్క రాయి. నేను ఈగలకి చెప్పాలా, వద్దా?

నీ పాదాలు దెబ్బతిన్నాయని ఉంది. మేజోళ్ళు అల్లుతున్నాను.

పెద్దమ్మ

*

నౌకాదళ ఆసుపత్రి, స్కాట్లాండ్
19 మార్చి 1942

పెద్దమ్మా,

ఇక్కడ రోజూ వానే. కిటికీలోంచి ఒక గోడా, గోడ మీద పిల్లీ తప్ప ఏమీ కనబడవు. మంచం మీద కూర్చున్న వాళ్ళందరికీ నర్సమ్మ కట్టుగుడ్డలు చుట్టే పని పెడుతుంది. ఈ రోజు అరవై చుట్టాను. ఎడమ పాదం మూడు వేళ్ళు తీసేశారు. చలికి నల్లబడ్డాయి. నొప్పి పెద్దగా లేదు. పక్క మంచం అతను గ్లాస్గో వాడు. "మూడు పోతే పోనీరా, గోళ్ళు కత్తిరించుకునే పని తగ్గింది" అంటాడు. అతనికి కుడి కాలే లేదు.

ఓడ పేరూ చోటూ రాయకూడదు. ఉత్తరాలు చదివే పంపుతారు.

అన్న గురించి అడిగావు. పొద్దున పది గంటలప్పుడు జరిగింది. ఒకటే పొగ. ఓడ మధ్యకి విరిగింది. ఎవరు ఎటు వెళ్ళారో తెలియలేదు. నేను అన్నను చూడలేదు. మా తెప్ప కాక ఇంకో రెండు తెప్పలు నీళ్ళలో ఉన్నాయి. రష్యా వైపు పోయే ఓడ ఒకటి కొందరిని ఎక్కించుకుందని ఇక్కడ అనుకుంటున్నారు. అక్కడి నుంచి కబురు రావాలంటే నెలలు పడుతుంది. అన్నకి ఈత బాగా వచ్చు కదా.

కాబట్టి ఈగలకి ఇప్పుడే చెప్పొద్దు.

బుట్టలో పెట్టిన గొర్రెపిల్ల బతికిందా?

క్లెమ్

*

అప్పర్ కూమ్
2 ఏప్రిల్ 1942

క్లెమ్,

గాలి పడమటికి తిరిగింది. నేల మెత్తబడింది. కొండ కింది పచ్చికనేల దున్ని బంగాళాదుంపలు వేయాల్సిందేనని జిల్లా కమిటీ వాళ్ళు చెప్పిపోయారు. మూడు రోజులుగా నేనూ ఆల్వెనూ వంగి వంగి దుంపలు నాటుతున్నాం. నా నడుము ఇక నిటారు కాదేమో. గొర్రెపిల్ల బతికింది. వంటింట్లో తిరుగుతూ నా మడమలు కొరుకుతోంది.

నీ ఉత్తరం ఆల్వెన్‌కి చదివి వినిపించాను. గొర్రెల పాకలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక ముఖం కడుక్కుని, "అయితే ఆయన కోటు ఎండలో వేస్తాను, చిమ్మటలు పడుతున్నాయి" అంది.

ఇంకో సంగతి. కమ్మరి హ్యారీ బెవాన్ లేడూ, పోయినేడు భార్య చనిపోయినవాడు. ఇద్దరు ఆడపిల్లలు. అతను ఆల్వెన్‌ని చేసుకుంటానని నన్ను అడిగాడు. మర్యాదగానే, టోపీ చేతిలో పట్టుకుని అడిగాడు. "లెన్ ఉన్నాడంటే నేను ఈ గడప తొక్కేవాణ్ణి కాదమ్మా" అన్నాడు. ఆల్వెన్ మనసు కొంచెం ఊగింది, నాకు తెలుసు. ఆ పిల్లకి ఇరవై మూడేళ్ళు, పుట్టిల్లు లేదు. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అతనికి కాదని చెప్పేసింది. నేనే చెప్పమన్నాను.

నౌకాదళం వాళ్ళు ఒక కాగితం పంపారు. లెన్ లేడని ఒప్పుకుంటూ సంతకం చేయాలట. గడియారం వెనక పడేశాను.

మిసెస్ ప్యూకి కూడా నీ ఉత్తరం చూపించాను. "అయితే మంచిదే" అంది, తినేది ఏదో చేదుగా తగిలినట్టు ముఖం పెట్టి.

ఒకటి చెప్పు. లెన్ లైఫ్‌బెల్టు కట్టుకునే ఉన్నాడా? క్రిస్మస్ ముందు దాని నాడాలు తెగిపోయాయని రాస్తే, నా నీలిచారల ఏప్రన్ చింపి రెండు మడతలు వేసి కుట్టి పంపాను. అవి గట్టిగానే ఉండాలి.

మేజోళ్ళు పంపుతున్నాను. ఎడమదానికి వేళ్ళ దగ్గర వదులు తగ్గించాను. సెలవు ఎప్పుడు ఇస్తారు? నీ గది తుడిచి ఉంచాను.

పెద్దమ్మ

*

నౌకాదళ ఆసుపత్రి, స్కాట్లాండ్
16 ఏప్రిల్ 1942

పెద్దమ్మా,

మేజోళ్ళు అందాయి. సరిపోయాయి. కర్ర సాయంతో వరండా చివరి దాకా నడుస్తున్నాను.

ఆల్వెన్ సంగతి చదివాను. హ్యారీ బెవాన్ మంచివాడే. తాగడు. నా మాట పట్టుకుని ఎవరూ ఏదీ కాదనక్కర్లేదు. నేను విన్నది మాత్రమే రాశాను. విన్నవన్నీ నిజం కావు. ఈ మాట ఆల్వెన్‌కి చెప్పు. లేకపోతే చెప్పకు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

లైఫ్‌బెల్టు అడిగావు. అన్న కట్టుకునే ఉన్నాడు. ఎప్పుడూ విప్పేవాడు కాదు. కట్టుకోని వాళ్ళని తిట్టేవాడు.

సెలవు ఇప్పట్లో రాదు. జూన్ దాకా ఇక్కడే ఉంచుతామంటున్నారు. పాదం ఇంకా మానలేదు. గది అలా ఉంచి ప్రయోజనం లేదు, విత్తనపు దుంపలు పోసుకో.

క్లెమ్

*

అప్పర్ కూమ్
3 మే 1942

క్లెమ్,

తోటంతా పూతమీద ఉంది. ఇంత పూత నేను ఆరేడేళ్ళుగా చూడలేదు. ఈగలు మాత్రం అందుకు తగ్గట్టు లేవు. ఎండ ఎక్కాక రెండు పెట్టెల్లో వినిపించాల్సిన చప్పుడు వినిపించడం లేదు. గేటు పక్కనున్న మొదటి పెట్టె మొన్న తెరిచి చూశాను. అడుగున బెత్తెడు మందాన చచ్చిపడి ఉన్నాయి. ఆహారం లేక కాదు. ప్రభుత్వం వాళ్ళు ఈగలకని ఇచ్చిన పంచదార, మనుషులు తినకుండా ఆకుపచ్చరంగు కలిపి ఇస్తారే అది, గిన్నెలో అలాగే ఉంది. చీపురుతో ఊడ్చి పెట్టెను కడిగాను.

మిసెస్ ప్యూ చూస్తూ నిలబడింది. "నేను ఏమీ అననులే" అంది. అనకపోయినా ఒక గంట నిలబడింది.

హ్యారీ బెవాన్‌కి లెడ్‌బరీలో పిల్ల కుదిరింది. పోయిన ఆదివారం చర్చిలో వాళ్ళ పెళ్ళి ప్రకటన చదివారు. ఇద్దరు చిన్నపిల్లల్ని పెట్టుకుని అతను మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు. ఆల్వెన్ పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఒక మాట అడిగింది. "క్లెమ్ మాటలో తేడా ఉంది కదా అత్తా?"

పాదిరిగారి భార్య నీ గురించి ఆసుపత్రికి ఫోను చేసింది. నీకు ఏప్రిల్ 27నే పద్నాలుగు రోజుల సెలవు ఇచ్చి పంపేశామన్నారు. లివర్‌పూల్‌లో నావికుల వసతిగృహంలో ఉంటున్నావట. చిరునామా వాళ్ళే ఇచ్చారు. జూన్ దాకా రానివ్వరని రాసింది నువ్వే.

నువ్వు మంచం కింద మరచిపోయిన మూట కూడా ఆసుపత్రి వాళ్ళు ఇక్కడికి పంపారు. తడిసి ఉంటే ఆరేసి లోపల పెట్టాను.

ఈగల గురించి ఇక అడగను. ఒకసారి అడిగాను, చాలు.

పెద్దమ్మ

*

నావికుల వసతిగృహం, లివర్‌పూల్
10 మే 1942

పెద్దమ్మా,

సెలవు రేపటితో అయిపోతుంది. ఇన్నాళ్ళూ ఇక్కడ ఏమీ చేయలేదు. రేవు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. రోజూ ఇంటికి వచ్చే రైలు టైము చూసేవాణ్ణి.

అన్న పోయాడు. నేను చూశాను. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. ఎలా పోయాడో కూడా రాయాలి కాబట్టి రాయలేదు.

ఆ రోజు మా బల్లకి వంట పని నాది. ఓడలో ఏ బల్లవాళ్ళ వంట ఆ బల్లవాళ్ళే వంతుల ప్రకారం చేసుకుంటాం. ఎండుద్రాక్షతో పుడ్డింగు కలుపుతున్నాను. లైఫ్‌బెల్టు ఎప్పుడూ కట్టుకునే ఉండాలని ఆజ్ఞ. పిండి పిసుకుతుంటే అడ్డం వస్తోందని విప్పి కొక్కేనికి తగిలించాను. అన్న కాపలా దిగి, ద్రాక్షపళ్ళు దొంగతనం చేయడానికి వచ్చాడు. "పళ్ళు లెక్కపెట్టి వేస్తున్నావేంట్రా, పిసినారీ" అంటూ గుప్పెడు తీసుకున్నాడు. అంతలో ఓడకి దెబ్బ తగిలింది.

దీపాలు పోయాయి. అన్న నా కాలరు పట్టుకుని మెట్లమీదికి తోశాడు. పైకి వచ్చేసరికి ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పుడు నన్ను చూశాడు.

"నీ బెల్టేదిరా?"

"కింద ఉంది."

"దద్దమ్మా. ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు."

తన బెల్టు నాడాల ముడి వేళ్ళకి రాలేదు. పళ్ళతో లాగి విప్పాడు. విప్పి నాకు కట్టాడు. నాకు ఈత రాదు, అన్నకి వచ్చు. అయినా నేను వద్దనాలి. వద్దు అన్నా ఊరుకునేవాడు కాదేమో, కానీ నేను అనలేదు. చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను, చిన్నపిల్లలకి చొక్కా తొడిగేటప్పుడు ఎత్తుతారే అలా. ముడి వేసి, దానిలోకి గాలి ఊది, "ఇక దూకు" అన్నాడు.

నన్ను తెప్ప దాకా ఈడ్చుకెళ్ళింది అన్నే. తెప్ప నిండిపోయి ఉంది. పైన ఉన్నవాళ్ళు నన్ను లాక్కున్నారు. అన్న నీళ్ళలోనే ఉండి పక్కతాడు పట్టుకున్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఓడలోంచి కారిన నూనె ఒళ్ళంతా. కాసేపు మాట్లాడాడు. గేటు పక్క పెట్టెకి మూత సరిగా పడటం లేదు, నాన్న సుత్తి తీసుకుని నువ్వు సరిచెయ్యి అన్నాడు. పుడ్డింగు పోయింది కదరా అన్నాడు. తరువాత మాట్లాడలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

నా చేతికి స్పర్శ పోయింది. ఒక్క నిమిషం వేడి చేసుకుందామని చెయ్యి తీసి చంకలో పెట్టుకున్నాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. మళ్ళీ చూస్తే తాడు దగ్గర అన్న లేడు. ఇంకో పావుగంటకి చేపల పడవ వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది.

అన్న బెల్టు కట్టుకునే ఉన్నాడని రాసింది అబద్ధం. అది నా ఒంటిమీద ఉంది. ఆసుపత్రిలో మంచం కింద కావాలనే వదిలేశాను. అదే నీ దగ్గరికి వచ్చిన మూట.

రష్యా ఓడ సంగతి ఆసుపత్రిలో ఎవరో చెప్పింది నిజమే. కానీ అందులో అన్న ఉండడని నాకు తెలుసు. నీకు ఒక వారం ఓదార్పు దొరికితే చాలనుకున్నాను. ఆల్వెన్ దాకా వస్తుందని అనుకోలేదు. పెట్టె చచ్చిపోయిందని చదివినప్పటి నుంచి తిండి లోపలికి పోవడం లేదు.

పాదం వల్ల నేను ఓడపనికి పనికిరానని డాక్టర్లు తేల్చారు. జూన్ నెలాఖరుకి విడిచిపెడతారు. అప్పర్ కూమ్‌కి రానా అని అడగను. ఎక్కడైనా పొలంపని దొరుకుతుంది.

ఈగలకి చెప్పు.

క్లెమ్

*

అప్పర్ కూమ్
19 మే 1942

క్లెమ్,

వాన కురిసి వెలిసింది. దుంపలు మొలకెత్తాయి. వాటికి మట్టి ఎగదోస్తున్నాను. ఒక్కదాన్నే కాబట్టి రోజుకి నాలుగు సాళ్ళు దాటడం లేదు.

నీ ఉత్తరం పదమూడో తేదీ బుధవారం అందింది. పొద్దుగూకే లోపల ఈగలకి చెప్పాను. మూడు పెట్టెల మీదా తాళంచెవితో తట్టాను. నల్లగుడ్డ చాలకపోతే మీ పెదనాన్న కోటు అస్తరు చింపాను. లెన్ పోయాడని చెప్పాక కొత్త యజమాని పేరు చెప్పాలి కదా. చెప్పకుండా వదిలేస్తే చెప్పిన ఫలితం ఉండదు. నీ పేరు చెప్పాను. ఇంకెవరున్నారు నాకు? కాబట్టి అవి నీవి. నీకు ఇష్టమున్నా లేకపోయినా.

మూట సంగతి. మే ఒకటిన వచ్చింది. ఆ రోజే విప్పాను. నీలిచారల నాడాలు నేను కుట్టినవే. నూనెకి నల్లబడినా కుట్టు తెలిసిపోతుంది. ఆ బెల్టు నీతో వచ్చిందీ, వాడు రాలేదూ అంటే ఏం జరిగి ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. అయినా సాయంత్రం ఈగలకి చెప్పలేదు. మూడో తేదీన నీకు ఉత్తరం రాస్తూ కూడా తెలియనట్టే రాశాను. పన్నెండు రోజులు నేనూ అబద్ధమే ఆడాను.

ఎందుకంటే జనవరిలో లెన్‌కి నేనొక ఉత్తరం రాశాను. ఆ సంగతి నీకు తెలియదు. అందులో ఇలా రాశాను: క్లెమ్‌కి ఈత రాదు. నా చెల్లెలు పోతూ నా చేతిలో పెట్టిన పిల్లవాడు. ఏదైనా జరిగితే ముందు వాణ్ణి చూడు, తరువాత నీ సంగతి. రాసి, చదువుకుని, కవరు అంటించాను. రాసేటప్పుడు అది మామూలు మాటే అనుకున్నాను. తల్లులు రాసే మాట.

నువ్వు చేతులెత్తి నిలబడ్డానని రాశావు. నీకు మూడేళ్ళప్పుడు నాకు పాలు పితికే పని ఉంటే, చొక్కా తొడగమని నిన్ను లెన్‌కే అప్పగించేదాన్ని. "చేతులెత్తరా" అని అరిచేవాడు, నువ్వు ఎత్తేవాడివి. కాబట్టి ఆ పని నువ్వు చేసింది కాదు, నేను చెప్పింది.

చెయ్యి తీసేశానని రాశావు. నేను అక్కడ లేను.

కోపం లేదని రాయను. బెల్టు గురించి లేదు. ఆరు వారాలు నన్ను గడియారం వెనక కాగితం పెట్టుకుని కూర్చోబెట్టినందుకు ఉంది. ఆల్వెన్ గురించి ఉంది. నువ్వు మొదటిసారే రాసి ఉంటే ఆ పిల్ల ఇప్పటికి కమ్మరి ఇంట్లో ఉండేది. కాదని చెప్పమన్నది నేను కాబట్టి అందులో సగం నాది. కాగితం మీద సంతకం చేసి పంపేశాను.

నీ ఉత్తరం ఆల్వెన్‌కి ఇచ్చాను. తనే చదువుకుంది. మడిచి తిరిగి ఇచ్చి, "జూన్‌లో క్లెమ్ ఈ గడపలోకి వచ్చేసరికి నేను ఇక్కడ ఉండను అత్తా. ఉంటే ఏదో ఒకటి అంటాను" అంది. "అను, పడతాడు" అన్నాను. "పడతాడనే భయం" అంది.

గొర్రెల బొచ్చు జూన్ చివరి వారంలో కత్తిరించాలి. ఈసారి మనిషి దొరకడు. గేటు పక్క పెట్టె మూత ఇంకా అలాగే ఉంది. మీ పెదనాన్న సుత్తి గోడకి తగిలించి ఉంది. మూడు వేళ్ళు లేకపోయినా నిచ్చెన అక్కర్లేని పనులు చాలా ఉన్నాయి. నీ గదిలో దుంపలు పోయలేదు.

మూడో పెట్టెలోని ఈగలు ఆదివారం పదకొండు గంటలకి లేచి, ప్యూ వాళ్ళ తోట మీదుగా కొండవైపు వెళ్ళిపోయాయి. ఆల్వెన్ సోమవారం ఉదయం ఏడున్నర బస్సుకి బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీకి వెళ్ళింది.

పెద్దమ్మ